పిడికి కట్టాల్సిన చీటీ

దసరా వస్తే మా విజయనగరం, శ్రీకాకుళం వైపు కొన్ని పాత లోగిళ్లలో గోడ మీది కత్తి కిందికి దిగుతుంది. ఏడాది పొడుగునా దాని జోలికి ఎవరూ పోరు. ఆ పూట మాత్రం ఇంటి పెద్ద ఒర తీసి, కొబ్బరినూనె గుడ్డతో అలుగు తుడిచి, పిడి మీద పసుపు కుంకుమలు అద్దుతాడు. పక్కనే కత్తిపీట, నాగలి కర్రు, ఈమధ్య మోటారు సైకిలు కూడా పూజకు చేరుతున్నాయి. పండగ వెళ్లాక కత్తి మళ్లీ మేకుకెక్కుతుంది.

ఇది ఎవరిదని పిల్లలు అడుగుతారు. "ఏటోరా నాయనా, మీ తాతల నాటిదట" అంటుంది మామ్మ. అంతకు మించి ఆవిడకూ తెలీదు. తెలిసిన మనిషి బతికున్నప్పుడు అడిగినవాళ్లు లేరు.

పాత కత్తిని ఎప్పుడైనా దగ్గర నుంచి చూడండి. పిడి మన గుప్పిటకు ఇరుకుగా ఉంటుంది. దాని చివరనున్న గుండ్రటి బిళ్ల మణికట్టుకు ఒత్తుకుంటుంది. ఇంత ఇరుకు పిడితో ఎలా తిప్పారా అనిపిస్తుంది. విసురులో చెయ్యి జారకుండా బిగిసి ఉండాలనే అలా చేశారు. వాదర వెంట చూపు పోనిస్తే అక్కడక్కడ చిన్న నొక్కులు కనిపిస్తాయి. అవి ఇంకో కత్తి తగిలిన చోట్లా, ఆ తర్వాతెప్పుడో ఇంట్లోవాళ్లు దేన్నో నరికిన చోట్లా? ఒకరు చెబితే తప్ప ఇనుము తనంతట తాను చెప్పదు.

బొబ్బిలి కోటలోని మ్యూజియంలో బొబ్బిలి యుద్ధం నాటి ఆయుధాలను చూస్తున్నప్పుడు ఈ ఇబ్బంది ఉండదు. అక్కడికి వెళ్లేవాళ్లలో చాలామందికి కథ ముందే తెలుసు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు కోట మీద పడటం, లోపలి ఆడవాళ్లు, పిల్లలు కూడా ప్రాణాలు వదలడం, ఆ తర్వాత రాజాం నుంచి వచ్చిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో దూరి విజయనగరం రాజు పెద విజయరామరాజును పొడిచి చంపడం. ఇదంతా మనం బడిలో చదువుకోక ముందే విన్నాం. జంగాలు పాడారు. షేక్ నాజర్ బుర్రకథగా చెప్పారు. 1964 నాటి సినిమాలో పాపారాయుడంటే ఎస్వీ రంగారావే అన్నట్టు మనసులో ముద్ర పడింది. అందుకే ఆ అద్దాల వెనక ఉన్నవి మనకు ఇనుప ముక్కల్లా అనిపించవు. కథ తెలిసిన కళ్లకు వాటి వెనక మనుషులు కనిపిస్తారు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. అయినా బొబ్బిలి, విజయనగరం ఇవాళ ఒకే జిల్లా. ఆ రోజు ఎదురెదురుగా నిలబడ్డ ఊళ్ల పిల్లలు ఒకే బస్సులో కాలేజీకి వెళ్తున్నారు. పగ చల్లారింది, కథ మాత్రం ఉంది. నాకది ఎంతో ఊరటగా ఉంటుంది. బొబ్బిలి తర్వాతా ఇక్కడ కత్తులు దూశారు: 1794లో పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగాడు. ఆయన వెంట నిలిచినవాళ్ల చేతుల్లోనూ కత్తులున్నాయి. అవన్నీ ఏమయ్యాయో! కొన్ని కొలిమిలో కరిగి కొడవళ్లయి ఉంటాయి. కొన్ని ఇంకా ఏ అటక మీదో గోనెగుడ్డలో ఉండి ఉంటాయి.

పాత కత్తులు సేకరించేవాళ్లంటే నాకు గౌరవం. తూకానికి పోయేదాన్ని కాపాడేది వాళ్లే. మన సముద్రపు గాలికి తుప్పు ఇట్టే పడుతుంది. దాన్ని ఓపిగ్గా వదలగొట్టి, నూనె రాసి, ఒర కుట్లు ఊడకుండా చూసుకోవడం తేలికైన పని కాదు. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా సేకరిస్తూనే గడిపి 1949లో కన్నుమూశారు. రెండేళ్లకే, 1951 డిసెంబరులో, ఆ సేకరణ మ్యూజియమై జనానికి తలుపులు తెరిచింది. హైదరాబాదు వెళ్లిన మనవాళ్లు ఆయుధాల గదిలో టిప్పు సుల్తాన్, ఔరంగజేబు పేర్ల దగ్గర ఆగిపోతారు. పేరు లేని కత్తుల ముందు నుంచి మాత్రం నడిచి వెళ్లిపోతారు. తప్పు వాళ్లది కాదు, అక్కడ ఆగడానికి ఏ ఆధారమూ లేదు.

కత్తి కథ యుద్ధంతో మొదలవదు కూడా. తెలంగాణలో నిర్మల్ వైపు కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కొలిమిదారులు మూసలో కాచిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయేది. సుమారు 200 ఏళ్ల కిందట ఆ ఊరికి వెళ్లిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు, ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడే మకాం వేసిన వర్తకుణ్ణి చూశాడు. కత్తి పట్టినవాడి పేరు ఎక్కడో ఓ చోట మిగులుతుంది. మూస ముందు మసిబారినవాడి పేరు ఏ అద్దాల పెట్టెలోనూ ఉండదు. ఇది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మీ ఇంట్లో అలాంటి కత్తో, బాకో, పిడి ఊడిన చురకత్తో ఉంటే ఈ దసరాకి బొట్టు పెట్టి ఊరుకోకండి. పెద్దవాళ్ల పక్కన కాసేపు కూర్చుని అడగండి. అది ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ తాత చేతిలో ఉండేది, పెళ్లిలో వచ్చిందా, దివాణంలో ఇచ్చారా, అంగట్లో కొన్నారా అని. సగం గుర్తున్నా సరే, తేదీలు కుదరకపోయినా సరే. వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఒక చీటీ మీద రాసి, దారంతో పిడికి కట్టండి.