గొంతు తగ్గించే భాష

మొన్న సంక్రాంతికి కొండపల్లి వెళ్లినప్పుడు నా స్కూల్ ఫ్రెండ్‌తో టీ తాగుతున్నా. వాళ్ల నానమ్మ ఫోన్ చేసింది. వాడు మాట్లాడుతుంటే తమిళంలా వినిపించింది, మధ్యమధ్యలో తెలుగు మాటలు. పక్క బెంచీ మీదికి ఇద్దరు రాగానే తెలుగులోకి మారిపోయాడు.

"అదేం భాషరా?"

"కుర్రు. మా ఎరుకల భాష. బయట మాట్లాడొద్దని చిన్నప్పటి నుంచీ ఇంట్లో చెప్తారు."

పదేళ్లు ఒకే క్లాసులో చదివాం. వాడికి ఇంకో భాష వచ్చని నాకు ఆ రోజే తెలిసింది!

ఇంట్లో ఎందుకలా చెప్తారు? బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వాళ్లకి పుట్టుకతోనే దొంగలన్న ముద్ర పడింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. మా క్లాసులో పెన్ను పోతే ముందు ఎవరి బ్యాగు వెతికేవాళ్లమో నాకు గుర్తుంది. వెతికినవాళ్లలో నేనూ ఉన్నా.

శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో వచ్చిన కథ మనందరికీ తెలుసు. ఆ ఎరుకలసాని ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో మనం ఎప్పుడైనా అడిగామా?

నా ఉద్యోగమే డేటాతో కాబట్టి 2011 జనాభా లెక్కలు తెరిచా. ఎరుకల భాష తెలుగు కింద లేదు. తమిళం కింద కైకాడి, కొరవ పక్కన ఉంది. మహారాష్ట్రలో కైకాడి, కర్ణాటక వైపు కొరవ, మన దగ్గర ఎరుకల. మూడూ దగ్గరి చుట్టాలే. పెద్ద భాష ఫోల్డర్‌లో సబ్‌ఫోల్డర్లుగా పడున్నాయి.

ఎరుకల మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 58 వేలు. అవే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకల జనాభా 5 లక్షల పైనే. మిగతావాళ్లు భాష మర్చిపోయారా? లేక లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాళ్ల ముందు కూడా గొంతు తగ్గించారా? ఆ కాలమ్ చూస్తే తెలియదు.

కుర్రుకి సొంత లిపి లేదు. నా ఫ్రెండ్ తెలుగు అక్షరాల్లోనే టైప్ చేస్తాడు. నానమ్మ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు మాత్రం ఒక్కటీ డిలీట్ చెయ్యడు. నిన్న ఒకటి నాకు పంపాడు. నాకు సగం కూడా అర్థం కాలేదు. "ఏమంటోందిరా?" అని అడిగా.

"నువ్వు అన్నం తిన్నావా అంటోంది."

బ్యాగు సంగతి వాడితో ఇంకా మాట్లాడలేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు మాట్లాడాలి.