కొత్త కోడితో పాత తెగులు

సంక్రాంతి వెళ్ళింది. పండుగ బరుల దగ్గరనుంచి, చుట్టాల ఇండ్లనుంచి, వారపు సంతలనుంచి కోళ్ళు కొత్త ఇండ్లకు చేరే రోజులివి. తెల్లవారుజామున మంచు ఇంకా కురుస్తూనే ఉన్నది. ఏటా ఈ రోజులలో గోదావరి జిల్లాల పల్లెలలో వినిపించే మాట ఒకటున్నది. "సంతలో తెచ్చిన పెట్ట తుమ్ముతున్నది, ముక్కు కారుతున్నది. నాలుగు రోజులు తిరక్కుండానే ఇంట్లో కోళ్ళన్నీ గురక పెడుతున్నవి" అన్నదే ఆ మాట. మరో వారం గడిచేసరికి గూడు ఖాళీ అవుతున్నది. కోళ్ళకు తెగులు తగలడం మామూలే కదా అని సరిపెట్టుకోవడం ఆనవాయితీ అయిపోయింది. కానీ ఇది సరిపెట్టుకోవలసిన విషయం కాదు.

పెరటి కోళ్ళను చిల్లర వ్యవహారంగా చూసేవారు లెక్కలు గమనించాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలోని మొత్తం కోళ్ళు, బాతుల వంటి పెంపుడు పక్షులు 85 కోట్లకు పైగా ఉండగా, వాటిలో పెరటి పెంపకంలో ఉన్నవి సుమారు 31 కోట్ల 70 లక్షలు. అంతకు ముందటి గణనతో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. ఈ కోళ్ళలో అధిక భాగం ఇల్లాలి చేతి కింద పెరిగేవే. కూలి దొరకని రోజున ఇంటికి ఉప్పూ పప్పూ తెచ్చేది, బడిపిల్ల నోటుపుస్తకం కొనేది ఆ గుడ్ల డబ్బే. అయిదు పెట్టలు చచ్చిపోతే పెద్ద ఫారం యజమానికి లెక్కలోకి రాకపోవచ్చు. పేద ఇంటికి మాత్రం అది మొత్తం మూలధనం పోయినట్లే.

అసలు కోడి గురక పెట్టడం ఒకే రోగ లక్షణం కాదు. సంతనుంచి వచ్చిన ఒకటి రెండు రోజులలోనే ముఖం ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి, ముక్కునుంచి దుర్వాసనగల చీమిడి కారితే అది అంటు జలుబు కావచ్చు. రోజుల తరబడి తుమ్ముతూ, రాత్రివేళ గొంతులో గరగరమంటూ, గుడ్లు తగ్గి, కోడి క్రమంగా చిక్కిపోతే సాధారణంగా సి.ఆర్.డి. అని పిలిచే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధిని అనుమానించాలి. నోరు తెరచి శ్వాస తీస్తూ, పచ్చని రెట్ట వేస్తూ, మెడ మెలితిరిగి, కాళ్ళూ రెక్కలూ పడిపోతే అది కొక్కెర తెగులు అయ్యే అవకాశం ఎక్కువ. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను, ఆ మరుసటి సంవత్సరం మన దేశంలో కుమావూ కొండలలోని రాణిఖేత్‌లోను గుర్తించినందున దానికి ఆ రెండు పేర్లూ వచ్చాయి. టీకా వేయని కోళ్ళలో అది ప్రబలితే గూటిలో ఒక్కటి కూడా మిగలకపోవచ్చు. పైకి ఒకేలా కనిపించే ఈ వ్యాధులను చూపుతో తేల్చడం పశువైద్యులకే కష్టం. పొరుగింటివారి సలహాతో తేల్చుకోవడం ఎంతమాత్రం తగదు.

కొత్త కోడితోనే రోగం ఎందుకు వస్తున్నది? అంటు జలుబు, సి.ఆర్.డి. సోకి కోలుకున్న కోడి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే రోగక్రిమిని చాలాకాలం మోస్తుంది. సి.ఆర్.డి. అయితే గుడ్డు ద్వారా పిల్లకు కూడా సంక్రమిస్తుంది. అటువంటి కోడిని కాళ్ళు కట్టి తలకిందులుగా సైకిలుకు వేలాడదీసి, ఎండలో నీళ్ళు లేకుండా సంతకు తెచ్చి, పది ఊళ్ళ కోళ్ళతో కలిపి ఒకే గంప కింద మూస్తే, అణగి ఉన్న రోగం పైకి లేస్తుంది. పక్కనున్న కోళ్ళకూ అంటుకుంటుంది. ఆ సాయంత్రమే దానిని ఇంటి గూటిలోకి తోలి, పాత కోళ్ళతో ఒకే చిప్పలో నీళ్ళు తాగనిస్తే ఇక చేయగలిగింది చాలా తక్కువ.

చేయవలసినదంతా అంతకుముందే చేయాలి. అందుకు ఖర్చు కూడా పెద్దగా లేదు. కొనేటప్పుడు కోడి కళ్ళు, ముక్కు రంధ్రాలు, ఈకల కింద రెట్ట మరకలు చూడాలి. చెవి దగ్గర పెట్టుకొని శ్వాస వినాలి. చౌకగా వస్తున్నది కదా అని నలతగా ఉన్న కోడిని కొనరాదు. ఇంటికి తెచ్చిన తరువాత కనీసం మూడు వారాలు, వీలైతే నాలుగు వారాలు పాత కోళ్ళకు దూరంగా, వేరే గంప కింద, వేరే నీళ్ళ చిప్పతో ఉంచాలి. కొక్కెర తెగులు బయటపడడానికి సాధారణంగా అయిదారు రోజులు, ఒక్కొక్కప్పుడు రెండు వారాలు పడుతుంది. సి.ఆర్.డి.కి మూడు వారాలు కూడా పట్టవచ్చు. మేత, నీళ్ళు ముందు పాత కోళ్ళకు, చివర కొత్త కోళ్ళకు పెట్టి, చేతులూ కాళ్ళూ కడుక్కోవాలి. గడువు చివరి వారంలో పాత కోళ్ళలో ఒక్కదానిని మాత్రం కొత్తవాటితో కలిపి చూడడం తెలివైన పని. అది తుమ్మితే ఒక్క కోడితో పోతుంది, గూడంతా నిలుస్తుంది. గూడు కూడా గాలి ఆడేదిగా, పొడిగా ఉండాలి. తడిసిన రెట్టనుంచి లేచే ఘాటు వాసన రోగం లేని కోడి ఊపిరితిత్తులను కూడా దెబ్బ తీస్తుంది.

మందుల విషయంలో జరుగుతున్న పొరపాటును ఇక్కడ ప్రస్తావించక తప్పదు. ఇంట్లో మిగిలిన మాత్రను పొడిచేసి నూకలలో కలిపి పెట్టడం చాలా చోట్ల అలవాటు. కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చేది. దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. అంటు జలుబుకు, సి.ఆర్.డి.కి పనిచేసే మందులు ఉన్నమాట నిజమే. అయితే ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది పశువైద్యుడు చెప్పాలి. ఆ మందు గుడ్డులో దిగి పిల్లల కడుపులోకి పోతుందన్న సంగతి, ఎన్నాళ్ళు గుడ్లు తినరాదో అడిగి తెలుసుకోవాలన్న సంగతి మరువరాదు.

అంతకన్న పెద్ద తప్పు మరొకటి ఉన్నది. తెగులు సోకిన కోడి చావకముందే సంతకు తోలి, వచ్చిన ధరకు అమ్ముకోవడం, చచ్చినదానిని పంటకాలువలో పడవేయడం మన పల్లెలలో తప్పుగానే ఎంచడం లేదు. నష్టపోయిన ఇల్లాలి బాధ అర్థం చేసుకోదగినదే. కానీ ఆమె గూటికి రోగం వచ్చింది కూడా మరొకరు ఇలాగే వదిలించుకున్న కోడితోనే కదా! కోడి ఒకరిది, తెగులు ఊరందరిది. చచ్చిన కోడిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోను, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోను ఫారాలలో చచ్చిన కోళ్ళకు బర్డ్‌ఫ్లూ ఉన్నట్లు భోపాల్ ప్రయోగశాల నిర్ధారించిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ఒకేసారి ఎక్కువ కోళ్ళు చస్తే వాటిని ముట్టుకోకుండా, కోసుకు తినకుండా వెంటనే పశువైద్యశాలకు కబురు చేయడం ఇరుగుపొరుగుల ప్రాణాలకు కూడా మంచిది.

ఇక ప్రభుత్వ బాధ్యత. కొక్కెర తెగులుకు టీకాలు కొత్తవి కావు. పిల్లలకు మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో చుక్క, నాలుగు వారాలకు మరో చుక్క, ఎనిమిది పది వారాల వయసులో రెక్క కింద సూది వేయడం దశాబ్దాలుగా తెలిసిన పద్ధతే. ఆ టీకా ఇల్లాలి గుమ్మం దాకా చేరకపోవడమే అసలు లోపం. టీకా సీసాలో వందో అంతకన్న ఎక్కువో మోతాదులుంటాయి. కలిపిన తరువాత రెండు గంటలలో వాడెయ్యాలి. మంచులో ఉంచి తేవాలి. ఆరు కోళ్ళున్న ఇంటికోసం ఎవరూ సీసా విప్పరు. ఈ కారణంగానే పెద్ద ఫారాలకు అందే రక్షణ పెరటికి అందడం లేదు.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. గ్రామానికి మూడు నెలలకొక రోజు నిర్ణయించి, ముందురోజు సాయంత్రం చాటింపు వేయించి, తెల్లవారుజామున కోళ్ళు గూడు విడవకముందే వీధి వీధికీ తిరిగి టీకాలు వేస్తే సీసా వృథా కాదు. గ్రామ సచివాలయాలలోని పశుసంవర్ధక సహాయకులు, మహిళా సంఘాలు కలిసి పూనుకుంటే ఇది సాధ్యమే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే ఊరికి వచ్చే సంచార వాహనాలు గేదెలతోపాటు కోళ్ళనూ చూడాలి. వేడిని తట్టుకొనే టీకాలను ఆఫ్రికా పల్లెలలో కంటిచుక్కగా వాడుతున్నారు. అటువంటివి మన పెరటికి ఎందుకు రాకూడదో అధికారులు ఆలోచించాలి. రాయితీపై కోళ్ళను పంచే పథకాలలో పక్షితోపాటు టీకా చీటీ కూడా ఇవ్వాలి.

సంతలో తలకింత అని ఆశీలు వసూలు చేయించే పంచాయతీలకు కూడా కొంత బాధ్యత ఉన్నది. కోళ్ళు అమ్మే చోట నీడ, నీరు, సంత ముగిసిన తరువాత సున్నం చల్లి శుభ్రం చేయడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సంతరోజున ఒక గంటసేపు పశువైద్య సిబ్బంది అక్కడ నిలబడితే, రోగమున్న గంప ఊళ్ళోకి పోకుండా ఆగుతుంది.

గూటిలో మొదటి తుమ్ము వినిపించిన తరువాత పరుగెత్తడం కన్న, కొత్త కోడిని మూడు వారాలు విడిగా కట్టేయడం తేలిక. ఆ ఓపిక ఇల్లాలు చూపాలి. టీకా సీసాతో గుమ్మం తొక్కే శ్రద్ధ పశుసంవర్ధక శాఖ చూపాలి. ఈ రెండూ కలిసిననాడే వచ్చే పండుగనాటికి గూడు నిండుగా ఉంటుంది.