గత ఎంపికలు నేర్పే పాఠం

ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచడం మానవ సహజం. అది అన్నివేళలా న్యాయం కాదనడానికి అమెరికాలో 1962లో రూపొందిన ఫాంటసీ ఫుట్‌బాల్ చక్కని నిదర్శనం. ఇందులో పాల్గొనేవారు ‘డ్రాఫ్ట్’ నాడు వంతులవారీగా నిజమైన ఆటగాళ్లను ఎన్నుకొని ఊహాజట్లను కూర్చుకుంటారు. మైదానంలో ఆ ఆటగాళ్లు చూపిన ప్రతిభే వీరికి పాయింట్లుగా లభిస్తుంది.

2019లో పరుగులోనూ, బంతిని అందుకోవడంలోనూ వేయేసి గజాలు దాటిన క్రిస్టియన్ మెకాఫ్రీని 2020లో అనేకులు మొట్టమొదట ఎన్నుకొన్నారు. గాయాల వల్ల ఆ ఏడు అతడు మూడు మ్యాచ్‌లే ఆడగలిగాడు. 2023లో పలువురు విస్మరించిన కొత్త ఆటగాడు పూకా నాకువా 1,486 గజాలతో రికార్డు నెలకొల్పాడు. అంతమాత్రాన మెకాఫ్రీని కోరినవారు అవివేకులు కారు. నాకువాను కోరినవారు ద్రష్టలూ కారు.

అయితే గతం నిరర్థకమా? కాదు. అదృష్టం మారవచ్చు గాని, మనుషుల అలవాట్లు అంత త్వరగా మారవు. ఒకరు క్వార్టర్‌బ్యాక్‌ను ఎన్నుకోగానే తక్కినవారూ ఆ స్థానానికే ఎగబడతారా? సొంత ఊరి జట్టుపై మమకారంతో తొందరపడేవారెవరు? నాలుగైదేళ్ల డ్రాఫ్ట్ చిట్టాలను పక్కపక్కన ఉంచితే ఇవి తేటపడతాయి. పదిమంది క్వార్టర్‌బ్యాక్‌ల వెంట పరుగెత్తే వేళ మేలైన రన్నింగ్‌బ్యాక్‌లు మిగిలిపోతారు. ఓర్పు గలవాడికి అదే అదను.

ప్రతి ఎంపిక పక్కన దాని కారణాన్ని ఆనాడే రాసుకోవాలి. ఫలితం తెలిశాక జ్ఞాపకం కారణాలను మార్చివేస్తుంది. కారణం సరియైనదైతే, ఓడినా ఆ పద్ధతిని విడువరాదు. కారణం లేని గెలుపును నమ్మరాదు.