పత్రికకు వ్యాసం పంపే ముందు

ఆంధ్రేతర రాష్ట్రాలలో తెలుగు చెప్పుకుంటున్న తోటి ఉపాధ్యాయులకు ఒక కటువైన మాట. మనకు పత్రికకు వ్రాయడం చేతకాదు. కోపగించుకోకండి, ముందు నా సంగతే చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా ప్రాంతపు పాఠశాలలో ఒకటవ తరగతి తెలుగు విభాగాన్ని ఎత్తివేశారు. ఆవేశంతో 5 పుటల వ్యాసం వ్రాసి పత్రికకు పంపాను. మొదటి పుటలో తెలుగు తీయదనం, రెండవ పుటలో రాయలవారు, ఆపైన మాతృభాషకు, తల్లిపాలకు పోలిక. తెలుగు కావాలని 14 మంది పిల్లల తల్లిదండ్రులు సంతకాలు చేసి ఇచ్చిన విన్నపాన్ని పాఠశాలవారు త్రోసిపుచ్చారన్న సంగతి ఐదవ పుట చివరన వచ్చింది. పత్రికలో చోటు చాలక చివరి నుంచి కోశారు. రాయలవారు అచ్చయ్యారు, పిల్లలు కాలేదు.

తప్పు పత్రికవారిది కాదు. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ఉపసంహారం అని ఏళ్ళ తరబడి నల్లబల్లపై వ్రాసినది నేనే. (శిక్షణలో మాకు నేర్పినదీ అదే.) ఆ క్రమం పరీక్షలో మార్కులు తెస్తుంది. పత్రికలో అసలు సంగతిని కత్తెరకు అప్పగిస్తుంది.

కనుక మొదటి వాక్యంలోనే ఏ ఊరు, ఏ తేదీ, ఎందరు పిల్లలు అన్నది చెప్పండి. తమిళనాడువారైతే 2006 నాటి తమిళ అభ్యసన చట్టాన్ని పేరు పెట్టి చెప్పండి. 2006-07లో ఒకటవ తరగతితో మొదలైన నిర్బంధ తమిళం ఏటా ఒక్కొక్క తరగతి పైకి జరిగి 2015-16కు పదవ తరగతిని చేరిందని వ్రాయండి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలనే 350ఎ అధికరణం 1956లోనే రాజ్యాంగంలో చేరింది, ఆ సంఖ్య వేయండి. "తెలుగుకు అన్యాయం" అంటే ఏ అధికారీ ఉలకడు. "ఫలానా తేదీన ఇచ్చిన విన్నపం ఏమైంది?" అంటే తప్పించుకోవడం కష్టం.

అలా వ్రాస్తే పాండిత్యానికి లోటు కాదా అని కొందరు పెద్దలు అడుగుతారు. వాడుక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పినది నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో. జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపిన తాపీ ధర్మారావుగారు వారి శిష్యులే, పుట్టినది బరంపురంలో. పత్రికల తెలుగును జనంలోకి తెచ్చిన ఊళ్ళవారమై ఉండి, మనమే దానిని మళ్ళీ మేడ ఎక్కిస్తున్నాము.

నా పాత వ్యాసాన్ని ఇటీవల తిరిగి వ్రాశాను. ఒకటిన్నర పుట అయింది. మొదటి వాక్యంలోనే ఆ 14 మంది ఉన్నారు. కాని మా విభాగం మూతపడి ఏళ్ళయింది. మీ బడిలో ఇంకా మూతపడి ఉండకపోతే, జూన్ చేరికలకు ముందే వ్రాసి పంపండి.