కు.ని. క్యాంపుకి వచ్చిన కెమెరా రాళ్ల నొప్పికి ఎందుకు రాదు?

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

ఇంటికెళ్లినప్పుడు మన అమ్మల్ని, పిన్నుల్ని అడిగి చూడండి. ల్యాప్ ఆపరేషన్ అంటే వాళ్లకి బాగా తెలుసు. పీహెచ్‌సీలో కు.ని. క్యాంపు పెట్టిన రోజు జీపులో ఎక్కించుకెళ్లి, బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, సాయంత్రానికి ఇంటికి పంపేసేవాళ్లు. డీపీఎల్ అని కూడా అనేవాళ్లు. అంటే పొట్టలోకి కెమెరా గొట్టం పంపి చేసే సర్జరీ మన ఏజెన్సీకి కొత్తేం కాదు. కానీ అలాంటి గొట్టంతోనే పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవాలన్నా, అపెండిక్స్ తీయించుకోవాలన్నా మనలో చాలామందికి విశాఖపట్నమో, వరంగలో, హైదరాబాదో దారి. పిల్లలు పుట్టకుండా చేయడానికి కొండెక్కిన మెషీను, కడుపునొప్పి తగ్గించడానికి మాత్రం ఎక్కలేదు. మా కోపమంతా ఇక్కడే.

మా హాస్టల్లో డిగ్రీ చదివే తమ్ముడొకడికి సికిల్ సెల్ ఉంది. రెండేళ్లపాటు కుడి డొక్కలో నొప్పి వచ్చి మెలికలు తిరిగిపోయేవాడు. మెస్సులో పూరీలు, వేపుళ్లు పెట్టిన రోజైతే మరీను. సికిల్ నొప్పే అనుకున్నాడు వాడు, మేమూ అదే అనుకున్నాం. చూపించిన ఆసుపత్రిలో గ్యాస్ బిళ్లలు రాసిచ్చారు. వాడి కళ్లు ఎప్పుడూ కాస్త పచ్చగానే ఉంటాయి కాబట్టి కామెర్లు ముదిరిన సంగతి కూడా ఎవరికీ పట్టలేదు. చివరికి స్కానింగ్ తీస్తే పిత్తాశయం నిండా రాళ్లు.

ఇది వాడి ఒక్కడి సంగతి కాదు. మామూలుగా ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది. సికిల్ కణం 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. అలా పగిలిన కణాల నుంచి వచ్చే బిలిరుబిన్ పసరులో పేరుకుని గట్టిపడి రాయవుతుంది. అందుకే ఈ రాళ్లు నడివయసు దాకా ఆగవు, బడి పిల్లలకే వస్తాయి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, మన హాస్టళ్లలో రక్తం తీశారు, కార్డులిచ్చారు. మంచిదే. కార్డు చేతికొచ్చాక కడుపునొప్పి అన్న పిల్లాడికి స్కానింగ్ ఎవరు తీయిస్తారు?

తమ్ముడికి నగరంలో ముందు రక్తం ఎక్కించారు, సెలైన్ పెట్టారు, ఆ తర్వాతే మత్తు ఇచ్చారు. సికిల్ ఉన్నవాళ్లకి ఒంట్లో నీరు, ఆక్సిజన్ తగ్గకూడదు, చలి తగలకూడదు. ఆ జాగ్రత్తలు తెలిసిన చోటే చేయించాలి. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, నాలుగు చిన్న రంధ్రాల్లోంచి పిత్తాశయం తీసేశారు. మూడో రోజు డిశ్చార్జి. రెండు వారాలకి వచ్చి సెమిస్టర్ పరీక్ష రాశాడు.

వాళ్ల మేనత్తకి ఇదే జబ్బుకి కొన్నేళ్ల కిందట పొట్ట కోసి చేశారు. జానెడు గాటు. ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు. కొండ కింది ఊట నుంచి నీళ్లు మోసుకొచ్చే మనిషి ఆరు వారాలు ఎలా ఆగుతుంది? నెల తిరక్కుండానే బిందె ఎత్తింది. కుట్టు లోపల వదులై ఇప్పుడు హెర్నియా. ఈసారి కాఫీ పండ్లు ఏరడానికి కూడా పోలేదు. చిన్న గాటు ఆపరేషన్ డబ్బున్నోళ్ల సోకు అనేవాళ్లకి మేం చెప్పేది ఇదే: కుర్చీలో కూర్చుని పనిచేసేవాడి కన్నా కట్టెలు, నీళ్లు మోసేవాళ్లకే అది ఎక్కువ అవసరం.

"కెమెరా ఆపరేషన్ పెద్ద వ్యాపారం, అవసరం లేకపోయినా కోసేస్తారు" అని కొందరు అన్నలు అంటారు. కొట్టిపారేయలేం. మన ఆడవాళ్లకి ఊరికే గర్భసంచులు తీసేసిన సంగతి అందరం విన్నదే. అందుకే గుర్తుంచుకోండి, స్కానింగ్‌లో రాయి కనబడగానే పరిగెత్తక్కర్లేదు. ఏ బాధా లేకుండా బయటపడిన రాయిని చాలామందిలో గమనిస్తూ ఉంటే చాలు. సికిల్ ఉంటే మాత్రం ఆ జబ్బు చూసే డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి. అలాగే కెమెరాతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట కోయాల్సి వస్తే డాక్టర్ని తిట్టకండి. లోపల అతుకులు, రక్తస్రావం ఉంటే అదే సరైన పని.

ఇక "కొండల్లో ఇవన్నీ కుదరవు" అనే మాట. మన దేశంలో ల్యాప్రోస్కోపీతో పిత్తాశయం తీయడం మొదలైంది కార్పొరేట్ ఆసుపత్రిలో కాదు. 1990లో ముంబయి జె.జె. సర్కారీ ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా చేశారు. ఈశాన్య రాష్ట్రాల కొండ ఆసుపత్రుల్లో అయితే గ్యాస్ నింపకుండా, పొట్ట గోడని ఒక కొక్కెంతో పైకి లేపి పట్టుకుని, నడుముకిచ్చే మత్తుతోనే కొన్ని ఆపరేషన్లు చేస్తున్నారు. ఖరీదైన మెషీన్లు లేకపోయినా పని నడుస్తోంది.

మన దగ్గర అసలు లోటు మనుషులది. మేం వెళ్లి చూసిన ఒక ఆసుపత్రిలో థియేటర్ ఉంది, సర్జన్ డిప్యుటేషన్ మీద వారానికి రెండు రోజులొస్తాడు, మత్తు డాక్టర్ లేడు. మత్తు డాక్టర్ లేకపోతే కెమెరా ఉన్నా లేనట్టే. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కట్టొచ్చు. తోడెళ్లిన నాన్న కూలి, నగరంలో తిండి, భాష రాని అవ్వ వార్డులో పడే అవస్థ ఏ ప్యాకేజీలో ఉన్నాయి?

ఐటీడీఏ పాలకమండలి సమావేశం ముందు మనం వినతిపత్రం ఇవ్వాలని మా ఆలోచన. ప్రతి ఐటీడీఏ పరిధిలో ఒక్క ఆసుపత్రికైనా పర్మనెంట్ సర్జన్, మత్తు డాక్టర్, రక్తం నిల్వ. సికిల్ కార్డు ఉన్న ప్రతి హాస్టల్ విద్యార్థికి ఏడాదికోసారి పొట్ట స్కానింగ్. ముందు ఈ రెండే అడుగుదాం, పది అడిగితే ఫైల్లో పెట్టేస్తారు.

మీ హాస్టల్లో సికిల్ ఉండి, తిన్నాక కుడి డొక్కలో నొప్పి వస్తోందనే వాళ్లు ఎంతమంది ఉన్నారో కింద రాయండి. పేర్లు వద్దు. మండలం, సంఖ్య చాలు.