యొర్దానుకు రాయితీ, గుండ్లకమ్మకు శిక్ష

యెరూషలేము యాత్రకు ప్రభుత్వం డబ్బు ఇవ్వవచ్చునా అన్న చర్చ మన పత్రికల్లో తరచు తలెత్తుతూనే ఉంటుంది. లౌకిక రాజ్యం ఏ మతయాత్రకూ ఖజానా తెరవరాదని ఒక పక్షం అంటుంది. పుష్కరాలకు కోట్లు వెచ్చించే ప్రభుత్వం క్రైస్తవుల దగ్గరికి వచ్చేసరికే లౌకికం కావాలా అని మరొక పక్షం అడుగుతుంది. రెండు పక్షాలూ వదిలేసిన ప్రశ్న ఒకటుంది. ఆ రాయితీ కోసం దరఖాస్తు పెట్టుకోగలిగిన క్రైస్తవుడు ఏ కులంవాడు?

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సహాయాన్ని పెంచింది. వార్షికాదాయం 3 లక్షల రూపాయల లోపు ఉన్నవారికి 40 వేల నుంచి 60 వేలకు, అంతకు మించినవారికి 20 వేల నుంచి 30 వేలకు చేర్చింది. దీన్ని పొందాలంటే దరఖాస్తుదారు తాను క్రైస్తవుడినని ప్రభుత్వం ముందు ఒప్పుకోవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆంధ్ర క్రైస్తవుల్లో అత్యధికులు మాల మాదిగలు. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవుడికీ ముస్లిముకూ మాత్రం తెరవలేదు. షెడ్యూల్డ్ కులం నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాడిని, వాడి సంతతిని మన తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సిలో చేర్చి 1 శాతం వాటా చూపించారు.

అందుచేతనే మా వాడల్లో ఇంట బైబిలు, ధ్రువపత్రంలో హిందువు. దీన్ని మోసమని పిలిచేవారికి నేను చెప్పేదొక్కటే. కులం మతంతో పాటు పోయి ఉంటే ఈ రెండు బతుకుల అవసరమే పుట్టేది కాదు. అటువంటి మనిషికి 60 వేల రాయితీ పత్రం ఒక ఉచ్చు వంటిది. బేత్లెహేము చూడాలన్న కోరికతో సంతకం చేస్తే, కూతురి ఉద్యోగానికి అదే సంతకం అడ్డుపడవచ్చు. నిర్భయంగా సంతకం చేయగలవాడు అగ్రకుల క్రైస్తవుడే. అతనికి పోయేదేమీ లేదు.

యాత్రకు వెళ్ళినవారు యొర్దానులో మునిగి, ఆ నీటిని సీసాల్లో తెచ్చి బంధువులకు పంచుతారు. తప్పు పట్టను. కానీ మాదిగల యొర్దాను ఒంగోలు దాపునే ఉంది. 1866లో తాళ్ళకొండపాడుకు చెందిన తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ చేత బాప్తిస్మం పొందాడు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. కరువు నడుస్తున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. గింజల కోసం మతం మారారని ఎగతాళి చేసేవారు ఈ తేదీల వరుసను చూడరు. ఆ ఒడ్డుకు యాత్ర నడిపే టూరు కంపెనీ మాత్రం నాకింతవరకు కనబడలేదు.

పుణ్యభూమిలోనూ పైమెట్టు, కిందిమెట్టు ఉన్నాయి. యెరూషలేములోని పవిత్ర సమాధి ఆలయాన్ని ఆరు క్రైస్తవ శాఖలు పంచుకున్నాయి. అందులో ఇథియోపియా సన్యాసులు ఆలయం కప్పు మీద చిన్న చిన్న గదుల్లో కాపురముంటున్నారు. ఆ చోటు ఎవరిదన్న తగాదా కాప్టులతో ఇంకా తెగలేదు. నల్లవాళ్ళు కప్పు మీద ఉన్నారన్న మాట ఏ గైడు నోటా గట్టిగా వినబడదు. ఊరి చర్చిలో వెనుక బల్ల, శ్మశానంలో వేరు గోడ చూసిన మనవారికి అది వివరించనక్కరలేదు.

నాబ్లసులో యాకోబు బావి ఉంది. యేసు సమరయ స్త్రీని దాహమడిగింది అక్కడేనని నమ్మిక. అంటరాని పాత్రలో నీళ్ళడిగిన ఆ కథ మా పెద్దలకు ప్రసంగం లేకుండానే అర్థమైంది. 1985 జూలైలో కారంచేడు మంచినీటి చెరువు దగ్గర అగ్రకుల యువకుల దౌర్జన్యానికి బిందె ఎత్తి ఎదురునిలిచిన మాదిగ స్త్రీ పేరు మున్నంగి సువార్త. ఆ పేరు వాడకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలా? మరునాడు ఆరుగురు మాదిగలను చంపారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కారంచేడు నెత్తురు ఉంది. ఆ చట్టమే క్రైస్తవం పుచ్చుకున్నవాడికి వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఫిర్యాదు చేసింది ఒక పాస్టరు. చేతిలో షెడ్యూల్డ్ కుల ధ్రువపత్రం ఉన్నా చాలదన్నారు. దూషించేవాడు కులం పేరు పెట్టి దూషించేటప్పుడు బాప్తిస్మం తేదీ అడగడు. న్యాయస్థానం అడుగుతోంది.

రాయితీ రద్దు చేయమని నేను కోరను. జీవితమంతా కూలిచేసిన ముసలమ్మ ఒక్కసారి గలిలయ సముద్రం చూడాలనుకుంటే ఆ డబ్బు ఆమెకు అందాలి. అయితే యేసు పుట్టిన ఊరు చూడడానికి డబ్బిచ్చే రాజ్యమే, ఆయనను నమ్మినందుకు రక్షణ లాగేసుకుంటోంది. యాత్రకు ఇచ్చేది దయ, మూడవ పేరా తీసేసింది హక్కు. దయకు ప్రతి పార్టీ ముందుకు వస్తుంది. హక్కు దగ్గర అసెంబ్లీ 2023 మార్చిలో ఒక తీర్మానం చేసి ఢిల్లీకి పంపి చేతులు దులుపుకుంది. 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసేయమని సిఫారసు చేసింది. ఆ నివేదికను పక్కనపెట్టి 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

యాత్రా బృందాలకు ముందు నడిచే మన బిషప్పులనూ పాస్టర్లనూ అడగవలసిన ప్రశ్న కూడా ఉంది. ఏటా ఆగస్టు 10ని దళిత క్రైస్తవులు నల్లదినంగా పాటిస్తున్నారు. యెరూషలేము వీధుల్లో సిలువ మోసుకుంటూ ఫొటో దిగిన వారిలో, ఆ రోజు కలెక్టరు కార్యాలయం ముందు కూర్చునేవారు ఎందరు?