ఇంజిన్‌ దించేముందు... ఇవి చూడండి!

ఎక్సలేటర్‌ మీద కాలు పెడితే బాణంలా దూసుకుపోయిన కారు... ఇప్పుడు ఫ్లైఓవర్‌ ఎక్కాలంటే ఆయాసపడుతోంది. తరచూ ఆయిల్‌ పోయాల్సివస్తోంది. వెనకాల నీలిరంగు పొగ. మెకానిక్‌కి చూపిస్తే ఒకటే మాట- 'బోరుకొచ్చింది సార్‌, ఇంజిన్‌ దించాల్సిందే!'

టర్బో కారుకి 'ట్యూనింగ్‌' చేయించినవాళ్లూ, అలాంటి కారుని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లూ వినే మాటే ఇది. నిజం కావచ్చు, కాకపోవచ్చు కూడా. ఇంజిన్‌ విప్పకుండానే ఆ సంగతి తేల్చుకునే మార్గాలున్నాయి.

ఎందుకు అరుగుతుంది?

పొగగొట్టంలోకి పోయే వేడి వాయువులతో ఓ చక్రాన్ని తిప్పి, దానికి బిగించిన మరో చక్రంతో ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టడమే టర్బో పని. స్విట్జర్లాండ్‌ ఇంజినీరు ఆల్ఫ్రెడ్‌ బూషి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఈ చక్రాల ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. చాలా టర్బోల్లో దాన్ని మోసేది పల్చటి ఆయిల్‌ పొరే. ట్యూనింగ్‌ పేరుతో కంప్యూటర్‌ ప్రోగ్రామ్‌ మార్చినప్పుడు గాలి ఒత్తిడీ, ఇంధనమూ పెరుగుతాయి. పిస్టన్‌, రింగులు, బేరింగులు, హెడ్‌ గ్యాస్కెట్‌... అన్నిటిమీదా ఆ భారం పడుతుంది. దానికితోడు నాసిరకం ఓపెన్‌ ఫిల్టర్‌ బిగిస్తే దుమ్ము లోపలికి చేరి ఆకురాయిలా అరగదీస్తుంది.

పొగ ఎప్పుడొస్తోంది?

రంగొక్కటే కాదు, వచ్చే సమయమూ ముఖ్యమే. రాత్రంతా ఆగిన కారు స్టార్ట్‌ చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి తగ్గిపోతే వాల్వ్‌ సీల్స్‌ని అనుమానించాలి. టర్బో అందుకున్నప్పుడల్లా వస్తుంటే రింగులో, టర్బోనో. నల్లపొగైతే ఇంధనం ఎక్కువైనట్టో, గాలి తక్కువైనట్టో. ఇంటర్‌కూలర్‌ గొట్టం చిరిగినా ఇలాగే వస్తుంది, పికప్‌ కూడా పడిపోతుంది. తెల్లపొగ ఆగకుండా వస్తూ, కూలెంట్‌ తరుగుతుంటే హెడ్‌ గ్యాస్కెట్‌ సంగతి చూడాలి.

టర్బోనా... రింగులా?

ఇంజిన్‌ పూర్తిగా చల్లారాక టర్బోకి గాలి వెళ్లే గొట్టం తీయించి, ఇరుసుని వేళ్లతో కదిపి చూడమనండి. పక్కలకి కాస్త కదలడం మామూలే. ముందుకీ వెనక్కీ ఊగినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా టర్బో అరిగినట్టే. గొట్టాల్లో పల్చటి ఆయిల్‌ తడి ఉంటే కంగారు అక్కర్లేదు, మడుగు కట్టి ఉంటేనే సమస్య. అయితే బ్రీదర్‌ గొట్టమో, టర్బో నుంచి ఆయిల్‌ దిగే పైపో పూడుకున్నా బాగున్న టర్బో కూడా ఆయిల్‌ కక్కుతుంది. కాబట్టి కొత్త టర్బో కొనేముందు ఆ రెండూ శుభ్రం చేయించాలి.

ఇక రింగుల సంగతి తేల్చేది కంప్రెషన్‌ టెస్ట్‌. ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉందో కొలుస్తారు. అన్నీ దాదాపు సమానంగా ఉండి, కంపెనీ చెప్పిన కనీస అంకెకు తగ్గకపోతే మంచిదే. పెట్రోల్‌ కారులో ఒక సిలిండర్‌ బాగా వెనకబడితే, అందులో చెంచాడు ఆయిల్‌ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే లీక్‌డౌన్‌ టెస్ట్‌ ఉంది. సిలిండర్‌లోకి గాలి నింపి ఎటు పోతోందో వింటారు. ఆయిల్‌ పోసే మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్‌ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్‌.

వాడిన ఆయిల్‌ని ల్యాబ్‌లో పరీక్షించినా గుట్టు తెలుస్తుంది. సీసం, రాగి పెరిగితే బేరింగులు, అల్యూమినియం అయితే పిస్టన్లు, ఇనుముతోపాటు సిలికాన్‌ కూడా పెరిగితే దుమ్ము చేసిన పని అయ్యుండొచ్చు.

ఇది మాత్రం ప్రమాదం

డీజిల్‌ కారులో టర్బో సీలు పూర్తిగా పోతే ఇంజిన్‌ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసేసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. క్లచ్‌ ఉన్న కారుని ముందు పక్కకి ఆపి, టాప్‌గేర్‌లో వేసి, బ్రేకు బలంగా తొక్కిపట్టి క్లచ్‌ వదిలితే ఆగుతుంది. వీలుకాకపోతే బానెట్‌ జోలికెళ్లకుండా పిల్లాపెద్దా అందరూ దిగి దూరంగా వెళ్లిపోవాలి. అందుకే డీజిల్‌ కారులో నీలిపొగని 'తర్వాత చూద్దాంలే' అనుకోకూడదు.

సెకండ్‌హ్యాండ్‌ కొనేవాళ్లు కారుని చల్లటి ఇంజిన్‌తోనే స్టార్ట్‌ చేసి చూడాలి. మీరు వెళ్లేసరికే ఇంజిన్‌ వేడిగా ఉంటే మర్నాడు ఉదయం మళ్లీ వెళ్లండి. ఇక మెకానిక్‌ 'దించాల్సిందే' అంటే, ఏ సిలిండర్‌లో ఎంత కంప్రెషన్‌ ఉందో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆ అంకెలు చూశాకే ఇంజిన్‌ మీద స్పానర్‌ పెట్టనివ్వండి!